లార్డ్ హాడక్ రికార్డుల పట్టిక

గ్రిమ్స్‌బీ రేవులో, ఐస్ ఫ్యాక్టరీ పైగదిలో
రాక్ స్టార్లని వెక్కిరించడానికే పుట్టిన బ్యాండు,
లార్డ్ హాడక్ అండ్ ది అపాలజీస్.
క్లైవ్ థర్ల్‌బీ పాడేవాడు, పగలు చేపల తూకం గుమాస్తా.
బేస్ మీద మోరీన్ డౌజ్. డ్రమ్స్ మీద డెస్మండ్,
అట్ట అట్టకీ అతని ఇంటిపేరు మారేది.
నేను ఏమీ వాయించలేదు.
టైపు కొట్టేవాణ్ణి.

నిజంగా చేసినవి రెండే.
డెబ్బై నాలుగులో ఒక సింగిల్, "సముద్రమా, సారీ".
ఐదొందల కాపీలు. మూడొందల పది
మోరీన్ వాళ్ళ గ్యారేజీలో చెమ్మకి విల్లులా వంగాయి.
మరుసటేడు ఒక ఎల్పీ, ఐస్ ఫ్యాక్టరీలో లైవ్.
వినవచ్చినవాళ్ళు పందొమ్మిది మంది,
చప్పట్లు ఫుట్‌బాల్ మ్యాచ్ నుంచి అరువు.

అట్ట వెనక జానెడు చోటు మిగిలింది.
"మా ఇతర రికార్డులు అని కొట్టు" అన్నాడు క్లైవ్.
ఏవి? అన్నాను.
"నన్నడుగుతావేం?"

ఆ రాత్రి నా పది వేళ్ళకి పదకొండు రికార్డులు పుట్టాయి.
"కాడ్ చేప కన్నీళ్ళు", మూడు డిస్కుల ఒపెరా,
మూడోదానికి రెండు వైపులా మౌనం.
"పంటి డాక్టర్ల ప్రేమగీతాలు".
"మా ఆణిముత్యాలు, ఏడో సంపుటం",
ఆలూ లేదు చూలూ లేదు, ఏడో సంపుటం ఉంది.
చిట్టచివర, కాగితం అంచు కొరుకుతూ,
"రివర్స్ గేర్ వాల్ట్జ్".

ఉన్నవాటికి ఎర్ర నోటుబుక్కు పెట్టాను, లేనివాటికి నీలం.
ఎర్రది ఒక పేజీ దాటలేదు.
నీలందానికి ఉత్తరాలొచ్చాయి.
లీడ్స్ నుంచి ఒకాయన నలభై పౌన్లు ఇస్తానన్నాడు.
స్టాక్‌పోర్ట్‌లో ఒకడి దగ్గర ఒపెరా పూర్తి సెట్టు ఉందట,
మూడో డిస్కు మీద మాత్రం గీత పడిందట.
మౌనం మీద గీత!
నెలరోజులు నవ్వుకున్నాం.

ఎనభై ఎనిమిదిలో క్లీథార్ప్స్ నుంచి హిల్డా సోవర్బీ రాసింది.
తమ్ముడు కెన్, ట్రాలర్ మీద పని.
డెబ్బై ఆరు చలికాలం వెళ్ళాడు, పడవా రాలేదు, వాడూ రాలేదు.
వెళ్ళేముందు వారమంతా వంటింట్లో అదే రికార్డు,
రివర్స్ గేర్ వాల్ట్జ్.
"ఒక్క కాపీ పంపండి."
నాలుగు మడతల ఐదు పౌన్ల నోటు.

మోరీన్ నిజం రాసేద్దామంది.
డెస్మండ్ నోటు తిరిగి పంపేద్దామన్నాడు.
గోడ మీద సరదాకి గీసిన కొక్కేనికి
ఎవరో తడిసిన కోటు తగిలించి వెళ్ళారు.
ఇప్పుడు గోడకి సున్నం ఎలా వేస్తాం?

నవంబరులో, డెస్మండ్ షెడ్డులో, ఒక క్యాసెట్టు.
క్లైవ్ కట్టుడు పళ్ళు "స" దగ్గర ఈల వేశాయి.
రెండో చరణంలో డెస్మండ్‌కి నవ్వాగలేదు,
ఆ నవ్వు అలాగే ఉంచేశాం.
ఐదు పౌన్ల నోటు కూడా అందులోనే పెట్టి పోస్టు చేశాను.

మూడు వారాలకి క్యాసెట్టు తిరిగొచ్చింది.
"శ్రమపడ్డారు, థాంక్స్. కానీ ఇది కాదు.
అసలుది ఇంత తొందరపడదు.
రెండో వైపు పెట్టుకు వినండి."

రెండో వైపు.
కెటిల్ కూత. కుర్చీ జరిగిన చప్పుడు.
తర్వాత ఆమె కూనిరాగం, నలభై సెకన్లు,
మేము ఏనాడూ కట్టని వరస,
మెట్లు వెనక్కి దిగుతున్న మనిషిలా.
ఒక మెట్టు దగ్గర ఆగింది.
"ఇక్కణ్ణించి కెన్ ఈల వేసేవాడు" అంది.
ఆ ఈలకి ఎంతసేపు పడుతుందో అంతసేపూ
టేపు ఊరికే తిరిగింది.

ఎర్రదా, నీలమా,
పెన్ను మూత తీసి కూర్చున్నాను.
క్లైవ్ విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.
"ఈవిడకి రాయల్టీ బాకీ ఉన్నాం" అన్నాడు.
నవ్వబోయాను.
అప్పటికే జేబులో చిల్లరంతా బల్ల మీద పోసి
లెక్కపెడుతున్నాడు,
తూకం దగ్గర లెక్కపెట్టినట్టే,
పెదాలు కదుపుతూ.